ఇద్దరే ఉన్న తెరచాప పడవలో

ప్రశ్న: నేనూ నా చిన్ననాటి స్నేహితుడూ ఈ వేసవిలో ఏడు మీటర్ల తెరచాప పడవలో నాలుగు రోజులు తీరం వెంబడి తిరగాలనుకుంటున్నాం. పడవ నడపడం ఇద్దరికీ వచ్చు, కానీ ఎక్కి చాలా ఏళ్లయింది. ముందుగా ఏం సాధన చెయ్యాలి?

జవాబు: ఒకరు నీళ్లలో పడితే పడవలో మిగిలేది ఒక్కరే. చుక్కాని, తెరచాప, పడిన మనిషి, మూడూ ఆ ఒక్కరే చూసుకోవాలి. కాబట్టి మొదటిరోజే తీరానికి దగ్గర్లో సగం నీళ్లు నింపిన డబ్బా ఒకటి వదిలి, రెండోవారి సాయం లేకుండా దాన్ని పట్టుకోండి. చెరో నాలుగైదుసార్లు. గాలి వీచిపోయే దిక్కు నుంచి వచ్చి, ముక్కు గాలికెదురుగా తిప్పి, వేగం చచ్చాక పక్కకు చేరాలి. ఇంజను నడుస్తుంటే మనిషి దగ్గరకొచ్చేసరికి గేరు న్యూట్రల్‌లో ఉండాలి.

అసలు కష్టం పైకి లాగడంలో ఉంది. తడిసిన మనిషిని పడవ అంచు మీదుగా ఒక్కరు ఎత్తడం దాదాపు అసాధ్యం. నీళ్లలో ఉన్నవారే లాగి దించుకునేలా నిచ్చెనకు తాడు కట్టి ఉంచండి. లైఫ్ జాకెట్‌కు తొడల మధ్య పట్టీ బిగించడం మరవొద్దు. అది లేకపోతే నీళ్లలో జాకెట్ పైకి జరిగి, ముఖం తేలకుండా పోతుంది.

ఇక గాలి. ఎండకు నేల వేడెక్కేకొద్దీ సముద్రపు గాలి జోరందుకుంటుంది, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు బాగా బలంగా ఉంటుంది. 10 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్ల వేగం) గాలి 14 అయితే తెరచాప మీద ఒత్తిడి ఇంచుమించు రెట్టింపవుతుంది, 20 అయితే నాలుగింతలు. గాలివాలులో వెళ్లేటప్పుడు ఇది తెలియదు: 15 నాట్ల గాలిలో మీరు 5 నాట్లతో పోతుంటే ఒంటికి తగిలేది 10 మాత్రమే. వెనక్కి తిరిగితే అదే 20కి దగ్గరవుతుంది. అందుకే తిరగకముందే తెరచాప కుదించండి. చుక్కాని కర్ర చేతిని లాగేస్తోందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

ప్రశ్న: సాయంత్రం మూడు మీటర్ల లోతులో 15 మీటర్ల తాడుతో లంగరేస్తే రాత్రి జారిపోయింది. లంగరు చిన్నదా?

జవాబు: తాడు చాలలేదు. రాత్రి పోటుకు నీళ్లు మరో రెండు మీటర్లు పెరుగుతాయనుకుందాం, పడవ ముక్కు నీటికి ఒక మీటరు ఎత్తు. మొత్తం ఆరు. తాడైతే దానికి ఏడు రెట్లు, అంటే 42 మీటర్లు వదలాలి. తాడు పొట్టిదైతే లాగుడు పైకి పడి లంగరు కొన మట్టిలోంచి ఊడుతుంది. లంగరు దగ్గర ఐదారు మీటర్లు గొలుసు ఉంటే ఆ లాగుడు నేలబారుగా ఉంటుంది. పొడవు పెంచితే పడవ తిరిగే వలయమూ పెరుగుతుంది, పక్క పడవలను చూసుకోండి.

వేశాక ఇంజనును మెల్లగా వెనక్కి నడుపుతూ తాడు మీద అరచెయ్యి పెట్టండి. గరగరా అదిరితే లంగరు ఈడ్చుకుపోతోంది. బిగుసుకుని కదలకపోతే పట్టింది.