గట్టిగా తొక్కితే స్టీరింగ్ పక్కకు లాగుతోంది: అది టార్క్ స్టీరేనా?

"టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్చి బలం పెంచాను. సెకండ్ గేర్‌లో గట్టిగా తొక్కితే స్టీరింగ్ కుడికి లాగేస్తోంది. ఇది టార్క్ స్టీరా, వేరే లోపమా, ఎలా తెలుస్తుంది?" అని అడిగారు.

టార్క్ అంటే ఇంజను తిప్పే బలం; గట్టిగా తొక్కినప్పుడు ఆ బలానికే స్టీరింగ్ పక్కకు లాగితే అది టార్క్ స్టీర్. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దగ్గర టార్క్ స్టీర్ అని పేరుపడ్డ బళ్లలో పదింట తొమ్మిదింటికి ఉన్నది టైర్ల జబ్బు, లేదా బుష్‌ల (చక్రాన్ని పట్టి ఉంచే భాగాల కీళ్లలోని రబ్బరు ముక్కల) జబ్బు. యూట్యూబ్ వీడియో రెండు చూసినవాడికల్లా ఈ మాట నోటికొచ్చింది, అంతే.

మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా జయపురం. అత్తవారిది సాలూరు. మధ్యలో సుంకి ఘాట్. బోర్డుల మీద హైవే నంబరు 26 అని రాశారు గానీ మా పెద్దవాళ్లకి అది ఇప్పటికీ 43వ నంబరు రోడ్డే. ఏ మలుపు ఎటు తిరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కారు అబార్త్ పుంటో: 145 హార్స్ పవర్, 212 న్యూటన్ మీటర్ల టార్క్, అంతా ముందు చక్రాల మీదే. 2015లో పది లక్షల లోపు ఇంత బలమున్న హ్యాచ్‌బ్యాక్ ఇంకోటి చూపించమనండి.

ఒకసారి సాలూరు నుంచి ఇంటికి వస్తున్నాం. పక్కన మా బావమరిది. ఘాట్‌లో హెయిర్‌పిన్ తిరిగి, స్టీరింగ్ నిటారుగా తెచ్చుకుని, సెకండ్‌లోనే తొక్కాను. టర్బో అందుకోగానే స్టీరింగ్ చేతిలోంచి లాక్కున్నట్టు కుడికి పోయింది. ఎదురుగా లోడుతో దిగుతున్న లారీ. వాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. నేను కాలు తీశాను. తియ్యగానే బండి ఈసారి ఎడమకు తోసింది. మావాడు గ్లాస్ పైన హ్యాండిల్ పట్టుకుని, "బావా, ఇది పక్కా టార్క్ స్టీర్, ఈ కార్లన్నీ ఇంతే" అన్నాడు. "ఒరేయ్, మొన్నటిదాకా లేనిది ఇవాళ ఎక్కడినుంచి ఊడిపడిందిరా?" అన్నాను.

మీరూ ముందు వేసుకోవాల్సిన ప్రశ్న అదే. టార్క్ స్టీర్ బండి పుట్టుకతో వచ్చేది. ఇంజను అడ్డంగా కూర్చుని గేర్‌బాక్స్ ఒక పక్కకు ఉండటంతో చక్రాలకు బలం చేర్చే కడ్డీల్లో, అంటే డ్రైవ్‌షాఫ్ట్‌లలో, ఒకటి పొట్టిది, ఇంకోటి పొడుగుది అవుతాయి. వాటి వాలు కోణాలు వేరు. అందువల్ల టార్క్ పెరిగినప్పుడు రెండు చక్రాలనూ పక్కకు మళ్లించే బలాల్లో తేడా వచ్చి, అది స్టీరింగ్‌కు తెలుస్తుంది. చాలా టర్బో కార్లలో మధ్యలో ఇంకో షాఫ్ట్, దానికో బేరింగ్ పెట్టి రెండు వైపులా పొడవు సమానం చేస్తారు. 2009 ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్‌లో ముందు చక్రాలకే 300 హార్స్ పవర్ పైన ఇచ్చారు కాబట్టి స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకు మళ్లే ఇరుసునే జరిపి రెవోనకల్ అని వేరే ఏర్పాటు చేశారు. మన బళ్లు ఆ లెక్కలోకి రావు. రీమ్యాప్ చేస్తే ఉన్నది కాస్త పెరుగుతుంది. నిజమే. కానీ లారీ ముందుకు తోసేంత కాదు.

జయపురంలో మా మిస్త్రీ ఒరియా ఆయన. మాతో తెలుగు మాట్లాడతాడు, బోల్టు రాకపోతే మాత్రం ఒరియాలో తిడతాడు. విషయం చెప్పాను. బానెట్ ఎత్తలేదు. కింద కూర్చుని ముందు టైర్ల మీద అరచేయి పెట్టి రుద్దాడు, ఒకటి తర్వాత ఒకటి. "ఏటి బాబూ, ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి పాత చెప్పు వేసి పరిగెట్టమంటున్నావా?" అన్నాడు. కొన్నాళ్ల ముందు గుంతలో పడి ఒక టైరు పక్క ఉబ్బితే, ఓ టైర్ల షాపులో అదొక్కటే, అదీ వేరే కంపెనీది, మార్చి పంపారు. "జతగా వెయ్యండి" అని నేను అడిగితే, "ఒకటి చాలు సార్, ఏమీ కాదు" అన్నారు. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు, రెండోది సగం కూడా లేదు. రెండు చక్రాల చుట్టుకొలతలు వేరు, రబ్బరు వేరు. లాగక ఏం చేస్తుంది?

తర్వాత జాకీ ఎత్తి, చక్రాన్ని కింద నుంచి బాడీకి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ వెనక బుష్ దగ్గర రాడ్ పెట్టి ఎగదోశాడు. ఆర్మ్ కళ్లముందే ముందుకు జరిగి వెనక్కి వచ్చింది. రబ్బరు అంచు వెంట చీలి ఉంది, నా గోరు లోపలికి దూరింది. తొక్కితే ఒకవైపు, వదిలేస్తే రెండోవైపు పోవడానికి కారణం ఇదే. అసలు టార్క్ స్టీర్ అయితే కాలు తియ్యగానే ఊరుకుంటుంది, ఎదురు తన్నదు.

బుష్‌లు రెండు వైపులా, టైర్లు జతగా మార్పించాను. మళ్లీ ఘాట్ ఎక్కితే స్టీరింగ్ వేళ్లకు తెలిసేంత మాత్రం కదిలింది. అసలు టార్క్ స్టీర్ అంటే అది.

చక్రాల కోణాలు సరిచేసే కంప్యూటర్ అలైన్‌మెంట్ వాళ్ల సంగతి కూడా చెప్పాలి. మిస్త్రీ దగ్గరికి పోకముందు వైజాగ్‌లో ఒకచోట చేయించాను. ఓడీ 10 అన్న ఒడిశా నంబరు చూడగానే హిందీలో మొదలెట్టారు, నేను తెలుగులో జవాబిచ్చినా ఆపలేదు. అన్నీ పచ్చ అంకెలున్న కాగితం చేతికిచ్చారు. నిలబడ్డ బండికి చీలిన బుష్ కూడా సరిగ్గానే కనిపిస్తుంది. దాన్ని రాడ్ పెట్టి కదపకుండా అలైన్‌మెంట్ చేయడం డబ్బు దండగ.

మీరు చేయాల్సింది: పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు ముందు రెండిట్లో గాలి సమానం చేయండి. ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు చూసుకోండి. మాకైతే బొరిగుమ్మ వైపు రోడ్డు. డాంబరు రోడ్డు నడిమి నుంచి అంచుకు 2 నుంచి 2.5 శాతం వాలు ఉంటుంది, మనం నడిపే ఎడమ పక్కన బండి దానంతటదే ఎడమకు జారుతుంది. అందుకని నడిమి గీత మీద చూడాలి, ఎదుట ఎవరూ లేనప్పుడే. ఒకే వేగంలో పోతున్నా లాగితే టైరో, అలైన్‌మెంటో, పట్టుకున్న బ్రేకో. తొక్కినప్పుడే లాగితే ముందు టైర్లు కుడి ఎడమ మార్చండి, ఒకే దిక్కుకు తిరగాలని బాణం గుర్తున్నవైతే వద్దు. లాగే దిక్కు మారితే టైరే దొంగ. మారకపోతే బుష్‌లు, ఆపైన ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, అంటే ఇంజను మౌంట్లు. మౌంటు చచ్చిపోతే ఇంజను ఒరిగి షాఫ్ట్‌ల కోణమే మారిపోతుంది. ఇవన్నీ బాగుంటే అప్పుడు రీమ్యాప్ చేసినవాడిని అడగండి, కింది గేర్లలో టార్క్ తగ్గించమని.

ఇవి చూశాక మళ్లీ రాయండి. టైరు పక్క గోడ మీద తయారీ వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. రెండు టైర్లవీ రాయండి.