పన్నెండు ముక్కల మాట

బ్రాడీపేట, గుంటూరు

అమ్మడూ,

కాలేజీ పోటీలో పలకడానికి నీకొచ్చిన మాట 'ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్' అని మీ అమ్మ ఫోన్లో చెప్పబోయి, నిహిలి దగ్గరే ఆగిపోయింది. నేనూ నలభై ఏళ్ల కిందట స్టాఫ్‌రూములో సరిగ్గా అక్కడే చతికిలబడి, ఇంగ్లీషు మేష్టారికి ఓ టీ సమర్పించుకున్నాను.

ఇంగ్లీషులో రాస్తే (floccinaucinihilipilification) 29 అక్షరాలు, పలికితే 12 ముక్కలే. తెలుగు పంతులి మనవరాలివి కదా, గణాలు కట్టు. ఫ్లాక్సి, నాసి: గురువు పక్కన లఘువు, రెండూ హ గణాలు. నిహిలి, పిలిఫి: అన్నీ లఘువులే, రెండూ న గణాలు. వరసగా నాలుగు సూర్యగణాలు పడ్డాయి చూశావా! చివర 'కేషన్' గగ. ఆటవెలది చదివిన నోటికి ఇదో లెక్కా?

మన పద్యంలో లేనిది ఊనిక, అదే ఇంగ్లీషు స్ట్రెస్. ప్రతి గణం మొదటి ముక్క మీద కాస్త ఊను, 'కే' మీద గట్టిగా ఊను, 'షన్' తేలిగ్గా వదిలెయ్. 'షను' అని సాగదీయకు. స్పెల్లింగులో nau చూసి 'నౌ' అనకు, లా కాలేజీలో 'లా' లాంటి 'నా' అది. రెండు సీలు పక్కపక్కనుంటే, యాక్సిడెంటులో లాగే 'క్సి'.

అసలు చిక్కు పిలిఫి. మనం 'ఫ'ని ఫలంలో లాగా రెండు పెదాలతో పలుకుతాం, దాంతో పి, ఫి ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. 'ఫి'కి పైపళ్లు కింది పెదవిని తాకాలి, ఫ్యాన్‌లో లాగా.

అర్థం కూడా అడుగుతారేమో. దేన్నైనా పూచికపుల్ల కింద తీసిపారెయ్యడం. ఫ్లాక్సి ఉన్నిపోగు, నిహిలి సున్న, పిలి వెంట్రుక, నాసి కూడా విలువలేనిదే. నాలుగూ లాటిన్ మాటలు. 1741లో విలియం షెన్‌స్టోన్ అనే కవి ఓ ఉత్తరంలో వాడాడు. ఇది విని మీ అమ్మమ్మ, "నా మాటకి మీ తాత ఇచ్చే విలువ అదేగా" అంది. గుర్తుండిపోతుందిలే.

మొదటినుంచి బట్టీ పట్టకు, తోక నుంచి రా. కేషన్. పిలిఫికేషన్. నిహిలిపిలిఫికేషన్. అలా ముందుకి ఒక్కో గణం తగిలించు. ఆదివారం రైల్లో వస్తావుగా, విజయవాడలో మొదలుపెడితే మంగళగిరికల్లా ఫ్లాక్సి దాకా వచ్చేస్తావు. ఎదుటి సీటువాళ్లు వింతగా చూస్తే చూడనీ. స్టేషన్లో దిగగానే ఒక్క ఊపిరిలో చెప్పావా, ఈసారి టీ నేనే ఇప్పిస్తా.

మీ తాతయ్య