సూదిముక్కలో డీఎన్‌ఏ ఏమైంది?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ఆదోని దగ్గర పల్లె. మా నాయనకు 61 ఏళ్లు. జన్మలో బీడీ ముట్టలేదు, అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు. కర్నూలులో సూదితో ముక్క తీసినారు. మాత్రలు పనిచేస్తాయో లేదో తెలియాలంటే జీన్ టెస్టు చేయాలని దాన్ని హైదరాబాదుకు పంపినారు. మూడు వారాలైనాక ‘డీఎన్‌ఏ నాణ్యత చాలలేదు, లైబ్రరీ ఫెయిల్’ అని ఒక్క లైను వచ్చింది. మళ్లీ సూది గుచ్చాలంట. నాయనేమో ‘నన్ను ఇడ్సిపెట్టండ్రా’ అంటున్నాడు. ముక్క వాళ్ల దగ్గరే ఉంది, మిషనూ వాళ్లదే. మరి తప్పు యాడ జరిగింది? ఇదంతా డబ్బుల కోసమేనా? అసలు ఈ లైబ్రరీ అంటే ఏంది?
– ఒక కొడుకు, ఆదోని

జవాబు: నాయనా, డబ్బుల కోసమే అయితే ఏదో ఒక రిపోర్టు అచ్చు కొట్టి పంపేవాళ్లు. ‘రాలేదు’ అని రాసిచ్చిన ల్యాబును నేను ముందు నమ్ముతాను. బెంగళూరులో ఇరవై నాలుగేళ్లు ల్యాబులో చేసి, మొన్ననే అనంతపురం ఇంటికి తిరిగొచ్చినదాన్ని. చివరి పదేళ్లు నా పని ఇదే. నేను చూసినంతలో తప్పు చాలాసార్లు ఆ కోట్ల మిషను దాకా పోనే పోదు. మొదటి రోజు సీసాలోనే జరిగిపోయి ఉంటుంది.

సూదితో తీసిన ముక్క అగ్గిపుల్ల కంటే సన్నం. కుళ్లిపోకుండా దాన్ని వెంటనే ఫార్మలిన్‌లో వేస్తారు. 10 శాతం బఫర్డ్ (ఆమ్లంగా మారకుండా లవణాలు కలిపిన) ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉంచాలని లెక్క. శనివారం సాయంత్రం ముక్క తీశారనుకో. ఆదివారం సెలవు, సోమవారం పండగ, మంగళవారం టెక్నీషియన్ రాలేదు. ఈలోపల ముక్కను కాపాడాల్సిన ఫార్మలినే డీఎన్‌ఏను ప్రొటీన్లకు అతికించేసి, తునకలు తునకలు చేస్తుంది. బఫర్ లేని ఫార్మలిన్ నిల్వ ఉండేకొద్దీ పులిసి ఆమ్లంగా మారుతుంది, అప్పుడు నష్టం ఇంకా ఎక్కువ. ఒకసారి మా ల్యాబుకొచ్చిన సీసాలో ఫార్మలిన్ అడుగున రెండు చెంచాలుంది, ముక్క మూతకు అతుక్కుని వరుగులా ఎండిపోయింది. పంపినవాళ్లకు ఫోన్ చేస్తే ‘సీసా నిలబెట్టే పంపినాం’ అన్నారు.

ఆ తర్వాత ముక్కను మైనంలో దిగేస్తారు. దాన్నే బ్లాకు అంటారు. మీ రిపోర్టు మీద బ్లాకు నంబరు ఉంటుంది, రాసిపెట్టుకో. బ్లాకు నుంచి 5 నుంచి 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందంలో పొరలు కోస్తారు. మొదటి పొరకు రంగు వేసి, క్యాన్సర్ కణాలు ఎక్కడున్నాయో చూసి పెథాలజిస్టు (ముక్కల్ని మైక్రోస్కోపులో చూసే డాక్టరు) పెన్నుతో చుట్టు గీస్తారు. మేం మిగతా స్లైడ్ల మీద సరిగ్గా ఆ మేరకే బ్లేడుతో గీకి తీసుకుంటాం. ఈ గీత ఎందుకంటే, 100 కణాల్లో 20 మాత్రమే క్యాన్సర్‌వి అనుకో. ఒక్కో కణంలో ప్రతి జీనుకూ రెండు ప్రతులు. క్యాన్సర్‌కు కారణమైన మార్పు సాధారణంగా వాటిలో ఒకదానిలోనే ఉంటుంది. అంటే 200 ప్రతుల్లో మనం వెతికేది 20, పదో వంతు. క్యాన్సర్ కణాలు ఇంకా తక్కువుంటే వెతికేది పొల్లుకాయల మూటలో గట్టి శెనక్కాయను వెతికినట్టే. అందుకే మామూలు రక్తపు డీఎన్‌ఏలో ఒక్కో అక్షరాన్ని (డీఎన్‌ఏ అంటే ఎ, సి, జి, టి అనే నాలుగు అక్షరాల వరుస) 30 సార్లు చదివితే చాలనుకునేచోట, కణితి డీఎన్‌ఏని 500 సార్లు, 1000 సార్లు చదివిస్తారు.

గీకిన పొడిలోంచి మైనాన్ని జైలీన్‌తో కడిగి, ప్రొటీనేజ్ కె అనే ఎంజైము వేసి 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతాం. పొద్దున 90 డిగ్రీల్లో ఒక గంట. ఫార్మలిన్ వేసిన అతుకుల్లో కొన్ని ఆ వేడికి ఊడతాయి, అన్నీ ఊడవు.

ఇక కొలత. కొత్తలో నేను బోల్తా పడింది ఇక్కడే. వెలుతురు పీల్చుకోవడాన్ని బట్టి కొలిచే మిషను ఒకటుంది. అది డీఎన్‌ఏనీ, ఆర్‌ఎన్‌ఏనీ, మిగిలిపోయిన మురికినీ కలిపి ఒకే అంకె చెప్తుంది. మైక్రోలీటరుకు 60 నానోగ్రాములు చూపించిందని సంబరపడి పనిలో దిగాను. మా సీనియరక్క రంగుతో మెరిసే జంటపోగు డీఎన్‌ఏని మాత్రమే లెక్కపెట్టే రెండో మిషనులో పెట్టి చూపిస్తే 4 వచ్చింది. ఆరోజు ఆమె ఏమీ అనలేదు, టిఫిన్ డబ్బా మూత తీసి నా వైపు జరిపింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

నువ్వడిగిన లైబ్రరీకి పుస్తకాలతో పనిలేదు. ఈ అక్షరాలు చదివే మిషను (సీక్వెన్సర్) పొడుగాటి డీఎన్‌ఏని నేరుగా మింగలేదు. 200 అక్షరాల దరిదాపు తునకలు కావాలి. మంచి రక్తపు డీఎన్‌ఏ అయితే మేమే శబ్ద తరంగాలతోనో ఎంజైముతోనో తునకలు చేస్తాం. ఫార్మలిన్ ముక్క అయితే ఆ పని అదే సగం చేసి ఉంటుంది. మరీ చిన్న తునకలైతే మిషను చదివినా అవి ఏ జీనువో పోల్చుకోలేం. తునకల కొసలు సరిచేసి, ఒక ‘ఎ’ అక్షరం తగిలించి, అటూ ఇటూ అడాప్టర్లనే చిన్న డీఎన్‌ఏ తోకలు అతికిస్తాం. మిషను పట్టుకునేది ఆ తోకల్నే. పదిమంది రోగుల నమూనాలు ఒకే రన్నులో పోతాయి కాబట్టి ఏది ఎవరిదో తెలిసేందుకు తోకలోనే ఒక గుర్తు ఉంటుంది. ఇట్లా తోకలు కట్టిన తునకల మందే లైబ్రరీ.

అతుక్కోకుండా మిగిలిన అడాప్టర్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. వాటి మధ్య రోగి డీఎన్‌ఏ ఉండదు, ఉత్త తోకలే. పొట్టివి కదా, చురుగ్గా పోయి మిషను పలక మీద చోటు పట్టేస్తాయి. పండగ రోజు కర్నూలు బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టినట్టు. మీ నాయన డీఎన్‌ఏ ఎంత తక్కువుంటే ఈ తువ్వాళ్ల గోల అంత ఎక్కువ.

వాటిని వదిలించుకునేందుకు అయస్కాంతపు బీడ్స్ వాడతాం. గోధుమరంగు బురదలా ఉంటాయి. డీఎన్‌ఏ వాటికి పట్టుకుంటుంది, ట్యూబును అయస్కాంతం పక్కన పెట్టి మిగతాది లాగేసి, 80 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు కడుగుతాం. ఇథనాల్ ఆరోజుకారోజు కలుపుకోవాలి. నిన్నటిదైతే ఆవిరై పలచబడి, పట్టుకున్న డీఎన్‌ఏని కూడా కడిగేస్తుంది. కడిగాక ఆరబెట్టడం ఇంకో పరీక్ష. తడి మిగిలితే తర్వాతి పని చెడుతుంది. ఎక్కువ ఆరితే మీ ఆదోని నల్లరేగడి చేను ఎండాకాలం నెర్రెలు బారినట్టు బీడ్స్ పగుళ్లిస్తాయి, డీఎన్‌ఏ వదలవు. ఒక మే నెలలో ఫోన్ మాట్లాడుతూ రెండు నిమిషాలు ఎక్కువ ఆరనిచ్చి ఎనిమిది మంది నమూనాలు పాడుచేశాను. ఆరుగురికి పొరలు ఇంకా ఉన్నాయి. ఇద్దరికి లేవు. ఆ తర్వాత ఫోన్ బల్ల దగ్గరికి తేలేదు.

ఇంత దాటినా ఫార్మలిన్ వదలదు. డీఎన్‌ఏలో ‘సి’ అక్షరాన్ని, డీఎన్‌ఏలో ఉండకూడని యురాసిల్‌గా మార్చేస్తుంది. మిషను దాన్ని ‘టి’ అని చదువుతుంది. లేని మార్పు ఉన్నట్టు కనబడుతుంది. యురాసిల్‌ను ఏరి తీసేసే ఎంజైము వేస్తాం, అయినా కొన్ని తప్పించుకుంటాయి. డీఎన్‌ఏ చాలనప్పుడు పీసీఆర్‌తో అచ్చులు పెంచి లాగించొచ్చు కదా అంటారు. పెంచితే ఆ అబద్ధాలూ పెరుగుతాయి. మీ ల్యాబువాళ్లు అక్కడ ఆగారు. నేనైనా ఆగేదాన్నే.

ఇప్పుడు చేయాల్సింది. ముందు ఆసుపత్రి పెథాలజీ విభాగంలో అడుగు: బ్లాకులో ఇంకా ముక్క మిగిలిందా, రెండో బ్లాకు ఉందా అని. మీ నాయనలాగా పొగ తాగనివాళ్లలో మొదట వెతికేది ఈజీఎఫ్‌ఆర్ జీను మార్పును. ఆ మార్పుంటే ఆ జీను పనిని అడ్డుకునే మాత్రలు బాగా పనిచేస్తాయని 2004లో బయటపడింది. అది ఒక్కటే చూసే పీసీఆర్ పరీక్షకు తక్కువ డీఎన్‌ఏ సరిపోతుంది. రక్తంలో తేలే కణితి డీఎన్‌ఏతో కూడా చేస్తారు, నాయనకు సూది చేతికే. అందులో మార్పు దొరికితే దొరికినట్టే. దొరక్కపోతే మాత్రం లేదని కాదు, కణితి రక్తంలోకి డీఎన్‌ఏ చాలినంత వదల్లేదేమో. అప్పుడు మళ్లీ ముక్క తీయక తప్పదు. ఈ రెండు దారుల గురించి డాక్టరు గారిని సూటిగా అడుగు. మళ్లీ తీయాల్సే వస్తే వారం మొదట్లో తీయించు, ‘జీన్ టెస్టుకు’ అని ఫారం మీద రాయించు. అట్లా రాస్తే మిగతా రంగుల పరీక్షలకు పొరలన్నీ ఖర్చు పెట్టకుండా కొన్ని దాస్తారు.

ప్రశ్న: మా అమ్మకు అండాశయ క్యాన్సర్. బ్లాకు పంపాక రక్తం కూడా తీసుకుని రెండో బిల్లు వేశారు. కణితి ఉండగా రక్తం దేనికి?
– ఒక కూతురు, ప్రొద్దుటూరు

జవాబు: కణితిలో కనిపించిన మార్పు అక్కడే పుట్టిందా, అమ్మకు పుట్టుకతోనే ఉందా అన్నది రక్తం పక్కన పెట్టి చూస్తే తేలుతుంది. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జీన్లలో (ఇవి చెడితే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది) మార్పు రక్తంలోనూ ఉంటే అది పుట్టుకతో వచ్చింది. పిల్లలు ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం, కొడుకైనా కూతురైనా. అప్పుడు నీ మాటా, మీ అన్నదమ్ముల మాటా ఎత్తాలి తల్లీ. ఆ బిల్లు దండగ కాదు. ‘ఈ టెస్టు కుటుంబానికి సంబంధించింది కావచ్చు’ అని ముందే ఒక మాట చెప్పకపోవడం మాత్రం తప్పే.

ప్రశ్న: అనంతపురంలో ఎమ్మెస్సీ బయోటెక్ అయింది. సీక్వెన్సింగ్ ల్యాబులో చేరాలంటే ఏ కోర్సు చేయాలి?
– ఒక విద్యార్థి

జవాబు: కోర్సు తర్వాత. ముందు 2 మైక్రోలీటర్ల నీళ్లు పదిసార్లు పైపెట్‌తో తీసి, త్రాసు మీద తూచి, పదిసార్లూ ఒకటే వస్తుందేమో చూడు. వచ్చినాక మళ్లీ రాయి.

ఆదోని అబ్బాయికి ఇంకో మాట, మర్చిపోయేదాన్ని. బ్లాకును నువ్వే చేత్తో తీసుకుపోయే పనైతే ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు. మైనం 60 డిగ్రీల లోపలే కరుగుతుంది. అన్నం క్యారియర్ సంచిలో, వేడి గిన్నెకు దూరంగా, నీ ఒళ్లో పెట్టుకో.