వాడిన పిస్టల్ మీద గీతలు: మందు పూసి కప్పాలా, అలాగే వదిలేయాలా?

మీరు అడిగింది ఇది: వాడిన కోల్ట్ 1911 కొన్నారు, నీలం కలిసిన నల్లటి బ్లూ ఫినిష్. ఎడమ వైపు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ను వెనక్కి ఆపి ఉంచే మీట) కింద విల్లులా వంగిన సన్నటి గీత ఒకటుంది. స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కి జరిగే పై భాగం) ముందు అంచుల్లో నలుపు పోయి తెల్లగా లోహం కనిపిస్తోంది. కోల్డ్ బ్లూ (వేడి చేయకుండా పూసి ఉక్కును నల్లబరిచే మందు) సీసా తెచ్చి రెండు చోట్లా పూసేయవచ్చా అని.

అంచుల జోలికి వెళ్లకండి. ఆ గీత కూడా నిద్ర పట్టనివ్వకపోతేనే ముట్టుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒక మంచి రివాల్వర్‌ను నా చేతులతోనే పాడుచేసుకున్నాను.

నేనుండేది హ్యూస్టన్‌లో. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది ఒక షాపులో పాత స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10 కొన్నాను. (హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇది చదివి షాపుకి బయల్దేరకండి. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఆ వీసా మీద తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ముందు లాయర్‌ని అడగండి.) .38 స్పెషల్ తూటాలు పట్టేది, నాలుగు అంగుళాల బ్యారెల్, ఒకప్పుడు అమెరికా పోలీసుల నడుముకి వేలాడిన రకం. లోపల మెకానిజం గడియారంలా ఉంది. బయట మాత్రం సైడ్ ప్లేట్ (మెకానిజాన్ని మూసే పక్క మూత) మీద అంగుళం పొడుగు గీత. ఎవరో స్క్రూ విప్పుతుంటే స్క్రూడ్రైవర్ జారినట్టుంది.

ఇంటికి తెచ్చిన మూడో రోజే 400 నంబరు గరుకు కాగితం తీశాను. గీత ఎంతకీ పోదు. దాని చుట్టూ ఉన్న నలుపు మాత్రం హాయిగా పోతోంది. ఆపాల్సింది అక్కడే. ఆపలేదు. అరగంటలో గీత పోయింది, రూపాయి బిళ్లంత మేర తెల్లటి ఇనుము తేలింది. కోల్డ్ బ్లూ పూశాను. ఆ రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూసుకుని మురిసిపోయాను కూడా. మర్నాడు ఎండలో పెడితే చుట్టూ నిగనిగలాడే నీలినలుపు, మధ్యలో మసిబొగ్గు రంగు మచ్చ. పైగా అద్దంలా చదునుగా ఉండాల్సిన చోట చిన్న గుంట పడింది. వెలుగు దాని మీద వంకరగా పారుతుంది. గీత అయితే కావాలని వెతికేవాళ్లకే కనిపించేది. ఈ మచ్చ చేతిలోకి తీసుకున్న ప్రతివాడికీ కనిపిస్తుంది. రెండు నెలలకి అక్కడే సన్నగా తుప్పు కూడా పట్టింది, మందు సరిగ్గా కడగనందుకు.

గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికి తీసుకెళ్తే ఒకసారి అటూఇటూ తిప్పి చూసి, గీత ఉన్నప్పుడే తెచ్చుంటే వద్దని చెప్పేవాణ్ణి అన్నాడు. మొత్తం పాలిష్ చేసి మళ్లీ హాట్ బ్లూయింగ్ చేయడానికి ఆయన చెప్పిన ధర నేను రివాల్వర్ కొన్న ధరకి దగ్గర్లో ఉంది. దండం పెట్టి వచ్చేశాను.

నాకు అప్పుడు తెలియనిది ఏమిటంటే, బ్లూయింగ్ పెయింట్ కాదు. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపి 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే ద్రావణంలో ముంచితే ఉక్కు పైపొర మాగ్నటైట్ అనే నల్లటి ఆక్సైడ్‌గా మారుతుంది. అంటే ఆ నలుపు ఇనుములోంచే పుట్టింది. మందం దాదాపు లేనట్టే, కాబట్టి అది గీతను పూడ్చలేదు. నిగనిగ కూడా దానిది కాదు, కింద ఉన్న పాలిష్‌ది. సీసాలో దొరికే కోల్డ్ బ్లూ వేరే సరుకు. అందులో ఎక్కువగా సెలీనియం, రాగి లవణాలుంటాయి. అవి ఉక్కు మీద నల్లటి పొరగా పేరుకుంటాయి. రంగు అచ్చంగా కలవదు, నాలుగు సార్లు హోల్స్టర్‌లో (తుపాకీ ఒరలో) పెట్టి తీస్తే అరుగుతుంది. దాని పని ఒక్కటే, మెరుస్తున్న గీతను చీకటి చేసి కన్ను పడకుండా చూడటం. సన్నటి గీతకి అది చాలు. వెడల్పాటి చోట పూస్తే నా రివాల్వర్ అవుతుంది.

మీ స్లైడ్ అంచుల్లో ఉన్నది వెడల్పాటి అరుగుదలే. అది హోల్స్టర్‌లోకి వెళ్లీ వచ్చీ పడింది. పాత తుపాకీకి అది వయసు, దెబ్బ కాదు. కొనేవాళ్లు కూడా అసలు ఫినిష్ ఎంత శాతం మిగిలిందో చూసి ధర కడతారు, ఇంట్లో పూసిన మచ్చ కనబడిందా ఆ లెక్క అంతా తలకిందులు. మీది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన కోల్ట్ అయితే సీసా మూత కూడా తీయకండి.

ఇక ఆ విల్లు గీత. అమెరికాలో దాన్ని ముద్దుగా ‘ఇడియట్ స్క్రాచ్’ అంటారు, 1911 ఉన్నవాళ్లలో సగం మంది ఆ బిరుదు సంపాదించినవాళ్లే. దాన్ని పట్టించుకోవాలనుకుంటే ముందు మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీసి, ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, వేలితో తడిమి చూడండి. మీరు కూర్చున్న గదిలోనే తూటాలు ఉండకూడదు. తరువాత గోరు గీతకి అడ్డంగా జరపండి. గోరు తగలకుండా జారిపోతే గీత పైపైనే ఉంది, కొన్నిసార్లు అది అసలు గీతే కాదు, హోల్స్టర్ ప్లాస్టిక్కో ఇత్తడో అంటుకున్న జాడ. నూనె గుడ్డతో నాలుగు సార్లు రుద్దితే పోతుంది. గోరు పట్టిందంటే లోహంలోకి దిగింది, దాన్ని పూర్తిగా మాయం చేసే ఆశ వదులుకోండి.

ఫ్రేమ్ (పిడి ఉండే కింది భాగం) అల్యూమినియమేమో కూడా చూసుకోండి, తేలికపాటి 1911 మోడళ్లలో అలా ఉంటుంది. అయస్కాంతం అంటుకోకపోతే అల్యూమినియం, దాని మీద కోల్డ్ బ్లూ పనిచేయదు. అంటుకుంటే మాత్రం మామూలు ఉక్కే అని ధీమా వద్దు. తుపాకుల్లో వాడే స్టెయిన్‌లెస్ చాలావరకు అయస్కాంతానికి అంటుకుంటుంది, దాని మీదా ఈ మందు పట్టదు.

మామూలు ఉక్కే అయితే చేతికి గ్లవ్స్ వేసుకుని, కిటికీ తెరిచి కూర్చోండి. సెలీనియం విషం, వంటింటి బల్ల మీద ఈ పని పెట్టుకోకండి. గీత మీద జిడ్డు చుక్క కూడా లేకుండా అసిటోన్‌తో తుడవండి. పని చెడేది ఎక్కువగా ఇక్కడే, మన వేలిముద్ర జిడ్డు చాలు మందు పట్టకపోవడానికి. హెయిర్ డ్రైయర్‌తో గోరువెచ్చగా చేసి, దూది పుల్లతో గీత లోపల మాత్రమే మందు రాయండి. ఒక నిమిషం ఆగి తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి మళ్లీ రాయండి. మూడు నాలుగు సార్లకి నలుపు నిలుస్తుంది. గరుకు కాగితం మాత్రం ఇంట్లోనే లేదనుకోండి. చివర్లో నీళ్లతో బాగా తుడిచి, ఆరబెట్టి, దండిగా నూనె పట్టించి రాత్రంతా వదిలేయండి. మర్నాడు తుడిచి మళ్లీ నూనె రాయండి. సీరియల్ నంబరు దగ్గర రుద్దుడు పని అసలే వద్దు. ఆ నంబరు చెరిగిన తుపాకీ దగ్గర ఉండటమే ఫెడరల్ నేరం.

వేరే ఫినిష్‌ల గురించి రెండు ముక్కలు. బ్రష్ చేసిన స్టెయిన్‌లెస్ అయితే అదృష్టం, లోహం మీద గీరలు ఏ దిక్కుగా ఉన్నాయో ఆ దిక్కుగానే బూడిద రంగు స్కాచ్‌బ్రైట్‌తో తేలిగ్గా లాగితే గీత కలిసిపోతుంది. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు వాడితే కొత్త గీతలు పడతాయి. నికెల్ పూత ఉన్నవాటికి అమ్మోనియా ఉన్న క్లీనర్లు తగలనివ్వకండి, పూత లేచిపోతుంది. గ్లాక్ పిస్టల్ స్లైడ్ మీద గీత పడితే పోయేది పైనున్న నలుపే, తుప్పును ఆపే గట్టిపొర దాని కింద ఉక్కులోనే ఉంది. మర్చిపోండి.

ఇండియాలో లైసెన్స్ మీద .32 రివాల్వర్ ఉన్నవాళ్లు, పని పెద్దదైతే ఊళ్లో లేత్ మెషీన్ తమ్ముడికి ఇవ్వకండి. ఆయుధాల చట్టం ప్రకారం రిపేరుకి కూడా లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికే వెళ్లండి.

నిజానికి గీత కన్నా తేమ చేసే పాడు ఎక్కువ. ఒక దసరాకి మా అమ్మ ఇక్కడే ఉంది. ఆయుధ పూజ అంది, కాదనలేక ఖాళీ చేసిన రివాల్వర్‌ను పీట మీద పెట్టాను. తడి వేలితో పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. పూజ తరువాత తుడవడం ఇద్దరం మర్చిపోయాం. మర్నాటికి బొట్టు కింద గుండ్రంగా ఎర్రటి తుప్పు. నూనెలో తడిపిన 0000 నంబరు స్టీల్ ఊల్‌తో (అతి సన్నటి ఉక్కు పీచుతో) మెల్లగా తీస్తే అంతా పోయింది, సన్నటి ముద్ర తప్ప. ఇప్పుడు బొట్టు రివాల్వర్ పెట్టెకి పెడుతోంది. తోలు హోల్స్టర్‌లో పెట్టి నెలల తరబడి వదిలేయడం కూడా ఇలాంటిదే, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

మీ విల్లు గీత పక్కన రెండోది పడకుండా మాత్రం ఇవాళే జాగ్రత్త పడండి. పిస్టల్ మళ్లీ బిగించేటప్పుడు స్లైడ్ స్టాప్ కింద ఫ్రేమ్ మీద మాస్కింగ్ టేప్ రెండు పొరలు అంటించండి. స్లైడ్ స్టాప్ పిన్నును నేరుగా లోపలికి నెట్టి, అడ్డొచ్చే ఆ చిన్న ప్లంజర్‌ను (స్ప్రింగ్ మీద కదిలే మొన) సన్నటి పుల్లతో వెనక్కి నొక్కి పట్టుకుని అప్పుడు స్టాప్‌ను లోపలికి నొక్కండి. కింద నుంచి పైకి ఊపుతూ తిప్పకండి. మీకన్నా ముందున్న ఆయన చేసింది అదే.