పాపకు జలుబా, నెమ్మా? చొక్కా ఎత్తి ఊపిరి లెక్కపెట్టండి

ఎనిమిది నెలల పాపకు నాలుగు రోజులుగా దగ్గు, మందు వేస్తే జ్వరం దిగుతోంది, బెంగళూరు చలికి నెమ్ము (న్యుమోనియా) చేస్తుందా, ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి అని అడిగారు. మిగతాది తర్వాత చదవండి, ముందు ఒక పని చేయండి. పాప ఏడవకుండా ఉన్నప్పుడో, నిద్రలోనో చొక్కా పైకెత్తి, ఫోనులో టైమర్ పెట్టి నిండా ఒక నిమిషం చూడండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. పాప వయసుకు 50 గానీ ఆపైన గానీ వస్తే ఇవాళే డాక్టరుకు చూపించాలి. రెండు నెలల లోపు పిల్లలకైతే ఆ లెక్క 60, ఏడాది దాటి ఐదేళ్ల లోపు వాళ్లకు 40. జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు ఊపిరి వేగంగానే ఉంటుంది, కాస్త దిగాక మళ్లీ లెక్కపెట్టండి.

ఈ లెక్క నాకు తెలియక మా బాబు చాలా ఇబ్బంది పడ్డాడు. మారతహళ్లిలో ఉండేవాళ్లం, డిసెంబరు, వాడికి పదకొండో నెల. పారాసెటమాల్ వేస్తే ఆడుకునేవాడు, జలుబే అనుకుని మందుల షాపులో ఇచ్చిన దగ్గు సిరప్ మూడు రోజులు పోశాను. మూడో రాత్రి మా అత్తగారు వాడిని ఒళ్లో వేసుకుని, "అమ్మాయ్, పిల్లోడు డొక్కలెగరేస్తాండాడు, చూడు" అన్నారు. ఆవిడది అనంతపురం. లైటు వేసి చొక్కా తీశాను. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది, ముక్కుపుటాలు అదురుతున్నాయి. లెక్కపెడితే 64. ఆసుపత్రిలో కాలి బొటనవేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 89 శాతమే చూపించింది. ఐదు రోజులు ఉన్నాం.

కాబట్టి డొక్కలెగరేస్తుంటే లెక్క ఎంతైనా సరే, ఆగకండి. పాలు తాగకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, లేపినా మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, పెదాలు నీలంగా మారినా అంతే, అర్ధరాత్రయినా బయల్దేరండి. ఖర్చుకు వెనకాడాల్సి వస్తే నిమ్హాన్స్ దగ్గర ఇందిరా గాంధీ పిల్లల ఆసుపత్రి ఉంది.

చలి సంగతి. నెమ్ము తెచ్చేది బాక్టీరియా, వైరస్‌లు. చలి అని మనం కిటికీలన్నీ మూసి ఆ గదిలోనే దోమల కాయిల్ వెలిగిస్తాం, తలంటి పోశాక సాంబ్రాణి పొగ పడతాం. ఆ పొగ పసివాళ్ల ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. సాంబ్రాణి మానేద్దామంటే మొదట అత్తగారు బాధపడ్డారు. డాక్టరుగారు నెమ్మదిగా చెప్పాక ఆవిడే ఆపేశారు. ఇప్పుడు దోమతెర కడుతున్నాం, జలుబు ఉన్నవాళ్లు ఎవరైనా చేతులు కడుక్కున్నాకే పిల్లాడిని ఎత్తుకుంటారు. తల్లిపాలు ఆపకండి, జబ్బులో ఇంకా ఎక్కువసార్లు పట్టండి.

టీకా కార్డు తీసి చూడండి. నెమ్ము తెచ్చే న్యుమోకాకస్ బాక్టీరియా సోకకుండా ఇచ్చే పీసీవీ టీకా ఆరో వారంలో, పద్నాలుగో వారంలో, తొమ్మిదో నెలలో వేస్తారు. 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, ప్రైవేటులో వేలల్లో అవుతుంది. మేం ఊరెళ్లిన హడావిడిలో పద్నాలుగో వారం డోసు తప్పించాం. మీకూ అలా తప్పి ఉంటే ఆలస్యం చేయకుండా కార్డు పట్టుకెళ్లి అడగండి. పాపకు వచ్చే నెల తొమ్మిది నిండుతాయి కదా, పీసీవీతో పాటు తట్టు టీకా కూడా ఆ రోజే వేస్తారు. తట్టు సోకిన పిల్లలకు తర్వాత నెమ్ము చేసే ప్రమాదం ఎక్కువ.

లెక్క ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి, రాత్రి దాకా చూస్తుంటాను. 50 గానీ ఆపైన గానీ వస్తే మాత్రం రాయడానికి ఆగకుండా వెళ్లిపోండి.