సీతాఫల్ ఐస్‌క్రీం చేదెందుకయింది?

ప్రశ్న: పెళ్ళయిన కొత్తలో మావారు హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌లోని ఫేమస్ ఐస్‌క్రీం దుకాణంలో సీతాఫల్ ఐస్‌క్రీం తినిపించారు. మొన్న ఇంట్లో పాలు, గుజ్జు కలిపి కాచి ఫ్రీజర్‌లో పెట్టాను. చేదెక్కింది, పైగా ఐసు పలుకులు. వాళ్ళెలా చేస్తారు? ఆ దుకాణం ఎప్పటిది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గుజ్జును పొయ్యి ఎక్కించారు, అదేనమ్మా తేడా. సీతాఫలానికి వేడి తగిలితే చేదెక్కుతుంది. పాలు విడిగా చిక్కగా మరిగించి, చక్కెర వేసి, పూర్తిగా చల్లారాకే గుజ్జు కలపండి. గింజలు మాత్రం చేత్తోనే తీయండి. మిక్సీలో నలిగిన గింజ కడుపుకు మంచిది కాదు.

ఆ దుకాణం 1951 నాటిది. తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉంది. మార్కెట్ ఇంకా పాతది, 1935లో కట్టారు. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. నేను 1974లో కాలేజీలో చేరడానికి వచ్చినప్పుడు మా నాన్న నన్ను తిన్నగా అక్కడికే తీసుకెళ్ళాడు. అప్పటికి పండ్ల టోకు వ్యాపారం అక్కడే, గడ్డిఅన్నారానికి ఇంకా తరలలేదు. బుట్టల్లో దిగిన పండు నాలుగడుగులు వేస్తే ఐస్‌క్రీం అయ్యేది. అన్ని పండ్ల రకాలు అక్కడ పుట్టడానికి కారణం అదేనని నా నమ్మకం. మామిడి, సపోటా, అంజీర్, ఖర్బూజా... దేని కాలంలో అది.

చేసే తీరు కూడా ఆ రోజు నిలబడి చూశాను. చెక్క పీపా, దాని మధ్యలో పాల డబ్బా, చుట్టూ ఐసు ముక్కలు, కల్లుప్పు. ఆ ఉప్పు ఎందుకో అప్పుడు తెలియలేదు. ఉట్టి ఐసు సున్నా డిగ్రీల దగ్గరే ఆగుతుంది, ఉప్పు కలిస్తే మైనస్ 21 దాకా దిగగలదు. పాలు గడ్డకట్టేది ఆ చలికి. అలా గడ్డకడుతున్నంతసేపూ డబ్బా తిప్పుతూనే ఉండాలి. తిప్పుడు ఆగితే నీరు పెద్ద పలుకులవుతుంది, మీకు తగిలినవి అవే. ఫ్రీజర్‌లో పెట్టినా అరగంటకోసారి తీసి బాగా గిలక్కొట్టండి, నాలుగుసార్లు చాలు.

పండు బాలానగర్ రకం దొరికితే మరీ మంచిది, గుజ్జెక్కువ. దసరా దగ్గర్లో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవి అడిగి తీసుకోండి. ముగ్గిన రోజే చేసేయండి.