నుదుటికి నోటు అంటిస్తే అవమానమా?

ప్రశ్న: మా బిడ్డ, అల్లుడు బ్రస్సెల్స్‌లో ఉంటారు. మొన్న నేను పోయినప్పుడు ఒక శనివారం రాత్రి కాంగో బ్యాండు ప్రోగ్రాంకు తీసుకుపోయారు. తొమ్మిదింటికని చెప్పి పదకొండున్నరకు మొదలుపెట్టారు. పాట సగం దాకా జోలపాటలా సాగి, ఉన్నట్టుండి ఊపందుకుంది. జనం స్టేజీ ఎక్కి గాయకుల నుదుటికి యూరో నోట్లు అంటించారు! ఒకతను పాడకుండా కేకలే వేస్తున్నాడు. మా అల్లుడు కూడా పది యూరోలు తీస్తే నేనే చెయ్యి పట్టి ఆపాను. కళాకారులకు అది అవమానం కాదా?
– ఒక రిటైర్డ్ టీచర్, నర్సంపేట

జవాబు: పోనివ్వాల్సింది టీచరమ్మా! ఆలస్యం సంగతి వదిలేయండి, మన దగ్గర ఒగ్గు కథ ఏనాడు టైముకు మొదలైంది?

మీరు జోలపాట అన్నది రుంబా అనే కాంగో సంగీతం. 1930, 40ల్లో క్యూబా రికార్డులు కాంగో నదికి రెండు ఒడ్డుల మీదా, ఇటు కిన్షాసాలో అటు బ్రాజావిల్‌లో మోగాయి. కాంగో ప్రాంతం నుంచి బానిసలుగా క్యూబాకు తరలించిన వాళ్ల తాళం అలా ఇల్లు చేరింది. ఊపందుకున్న భాగాన్ని సెబెన్ అంటారు. అక్కడ మాట తగ్గి గిటార్లు అందుకుంటాయి. తాళం పట్టే రిథమ్ గిటార్‌కూ, ముందుండి వాయించే లీడ్ గిటార్‌కూ మధ్య మి-సోలో అని ఇంకో గిటార్ ఉంటుంది. హన్మకొండ ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్లు ఒంటి గిటార్ వాయించిన నాకు అది వింటే కడుపు మండుతుంది. మాకు తీగ తెగితే తబలాతోనే నెట్టుకొచ్చేవాళ్లం.

కేకలు వేసినతన్ని ‘అటలకు’ అంటారు. అదో ఉద్యోగం. 1980ల్లో జైకో లంగా లంగా బ్యాండు వాళ్లు దాన్ని స్టేజీ మీదికి తెచ్చారు. పురుగుల మందు స్ప్రే డబ్బాను గిలక్కాయలా ఆడిస్తూ జనాన్ని ఎగదోయడం అతని పని.

ఇక నోట్లు. మన వినాయక చవితి పందిళ్లలో చీటీలు వచ్చేవి గుర్తుందా? ‘ఫలానా ఊరి ఫలానా పటేల్ గారు 501 రూపాయలు చదివించారు’ అని పాట ఆపి మరీ మైకులో చెప్పేవాళ్లం. ఒకసారి మా అనౌన్సర్ చీటీలో రాత అర్థంకాక కొమురయ్యను కొండయ్య అన్నాడు. ఆ పెద్దమనిషి స్టేజీ ఎక్కి కూర్చున్నాడు. మూడుసార్లు సరిగ్గా చదివితే గానీ దిగలేదు.

కాంగో వాళ్లకూ ఈ చదివింపు ఉంది. లింగాల భాషలో మబంగా అంటారు, అంటే రాళ్లు. పేరు పలకడాన్ని ‘రాయి విసరడం’ అంటారు. తేడా ఒక్కటే, వాళ్లు పాట ఆపరు. దాత పేరు తాళంలోనే పడుతుంది, రికార్డుల్లోకీ ఎక్కుతుంది. నాకు అసూయ కలిగించేది ఇదే. 1960 జనవరిలో, అప్పటిదాకా తమను ఏలుతున్న బెల్జియంతో స్వాతంత్ర్య చర్చలకు కాంగో నాయకులు మీరున్న ఆ బ్రస్సెల్స్‌కే వచ్చారు. వాళ్ల వెంట వచ్చిన గాయకుడు గ్రాండ్ కల్లే బృందం అక్కడే ‘ఇండిపెండెన్స్ చా చా’ కట్టింది. అది డబ్బుకు పలికిన పాట కాదు గానీ, అందులోనూ లుముంబా, కసవుబు వంటి నాయకుల పేర్లు వరసగా వస్తాయి.

కాబట్టి ఆ పది యూరోలు అవమానం కాదు, వాళ్ల కూలిలో భాగం. ఈసారి అల్లుణ్ణి ఆపకండి. కాకపోతే పేరు పలకాలంటే పది సరిపోవు. ఇంకొంచెం గట్టిగా చదివించి, పేరు అటలకు చెవిలో రెండుసార్లు చెప్పమనండి. కొమురయ్య గతి పట్టకుండా.